అందరికీ పది ఆంపియర్లు

1

రిబ్బను: కదలలేదు. మీటరు ముల్లు: పది.

ఆరో లెవల్ ఫ్యానుకు కాపలాదారుగా నేను రోజూ ఊరిని నడిపే బోర్డుకు పంపవలసిన కబురు ఇంతే. పంపుతూనే ఉన్నాను. ఈ రాత మాత్రం బోర్డు కోసం కాదు. నా తరవాత ఈ గనిలో పుట్టి, నాలుగు ముక్కలు చదువుకుని, "ఆ రోజుల్లో ఒక్కడికైనా బుద్ధి లేకపోయిందా" అని అడగబోయే వాళ్ళ కోసం. ఉంది. ఒకడికి ఉంది. వాణ్ణి తీసుకొచ్చి ఫ్యాను దగ్గర కూర్చోబెట్టారు.

నా పేరు సారంగపాణి. ఈ కింది ఊరికి కరెంటు లైన్లు వేయించినవాణ్ణి. బొగ్గు తవ్విన కాలంలో మనుషులు షిఫ్టుకొకసారి దిగి ఎక్కేవారట. మేం దిగినవాళ్ళం దిగినట్టే ఉన్నాం. పైన మే నెల ఎండ ఇప్పుడు ఏడాదిలో తొమ్మిది నెలలుంటుంది. పైన మిగిలినవి సోలారు పలకలు, బ్యాటరీ ఇల్లు, గని నోటి దగ్గర ఒక రేకుల షెడ్డు. కింద ఆరు లెవళ్ళు. అన్నిటికంటే లోతు మాది.

రిబ్బను అంటే ఫ్యానుకు ఎదురుగోడన మేకుకు కట్టిన ఎర్రటి గుడ్డపీలిక. గాలి బాగుంటే లేచి అడ్డంగా ఆడుతుంది. ఏ లెవల్లో పీలిక లేవదో ఆ లెవల్ మూసేయాలని నియమం. మంచి నియమమే. రాసింది నేనే.

ఇవాళ బోర్డు పెద్ద రాజలింగు తానే దిగి వచ్చాడు. కండువా, వెనకాల ఇద్దరు మనుషులు. ఒకప్పుడు నా చేతి కింద లైన్‌మన్. పట్టకారు పట్టుకోవడం దగ్గర్నుంచి నేను నేర్పాను. పీలిక ముందు నిలబడి, దాన్ని వేలితో ఎత్తి వదిలాడు.

"ఏం సారు, లేస్తలేదే?"

"నీ కళ్ళు బాగానే పనిచేస్తున్నాయి, రాజలింగూ."

"అందరికీ పదే ఇస్తున్నం. ఒకటో లెవలుకు పది, మీకు పది. ఆళ్ళ పీలిక ఎగురుతది, మీది ఎగరది. మరి కరెంటు ఏడబోతంది? దొంగపొయ్యిలు పెట్టుకుంటే ఫ్యాను ఏం తిరుగుతది?"

పుట్టగొడుగుల మడి దగ్గర వంగి ఉన్న లస్మక్క లేచింది. ఆరో లెవల్ మొత్తానికి వంట ఆమెదే. కోపం వస్తే ఆమె ముందు చేతులు తుడుచుకుంటుంది.

"దొంగపొయ్యి ఉంటే నా బువ్వ ఇంతసేపెందుకు ఉడుకుతదే అన్నా? రా, మూత తీసి సూడు. రెండో సైరన్‌కు ఎక్కిచ్చిన ఎసరు. ఇంకా నీళ్ళు నన్ను జూసి నవ్వుతున్నయ్."

రాజలింగు మూత తీసి చూడలేదు. ఈ ఊరికి మొదటి లైను వేసిన ఓదెలయ్య దినం నాడు పూజకు ముందు ఆరో లెవల్ లైను తీసేస్తామన్నాడు. జనమంతా పైషెడ్డుకు మారాలి. మా పది ఆంపియర్లు మిగిలిన అయిదు లెవళ్ళకూ తలా రెండు పంచుతారు. ఇకనుంచి అందరికీ పన్నెండు.

"అందరికీ" అన్న మాటలో మేం లేమని అక్కడున్న వాళ్ళెవరికీ తట్టలేదు.

లస్మక్క భర్త దుర్గయ్య పలకలు తుడిచే పనికి పోయి పైషెడ్డులోనే వడదెబ్బకు పోయాడు. ఆమె అత్త బుచ్చవ్వ మా ఫ్యానుకు ఎదురుగా మంచంలో ఉంటుంది. బొగ్గుదుమ్ము తిన్న ఊపిరితిత్తులు. ఆ గాలి ఉంటేనే ఆమెకు మాట. రాజలింగు పోతుంటే ఆమె మంచంలోంచే అంది: "నన్ను బొంద వెట్టెటప్పుడే పైకి తీస్కపోండ్రి. రెండుసార్లు మోసుడెందుకు, మీకు నడుములు నొస్తయ్."

2

రిబ్బను: కదలలేదు. ముల్లు: పది.

ముల్లు పది మీద ఉంటే చాలు, న్యాయం జరిగినట్టే ఈ ఊరికి. సభ గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాసుకున్నారు: "అందరికీ పది". ఓదెలయ్య అన్న మాట. ఆయన రోజుల్లో అది నిజం కూడా. అప్పుడు తీగలు కొత్తవి, లైన్లన్నీ ఒకలాంటివి.

కరెంటంటే ఆంపియర్లొక్కటే కాదని, దాన్ని వోల్టులతో హెచ్చవేస్తేనే చేతికందే శక్తి తెలుస్తుందని నేను బోర్డులో చెప్పిన రోజు నాకింకా గుర్తుంది. గొట్టంలో నీరెంత పారుతోందో చూస్తున్నారు, ఎంత ఒత్తిడితో పారుతోందో చూడడం లేదన్నాను. రాజలింగు లేచి, "సారు అందరికీ సమానం వద్దంటుండు" అన్నాడు. చప్పట్లు. ఆ వారమే మా దగ్గరున్న వోల్టుమీటర్లన్నీ విప్పి, కరెంటుకు పక్కదారిగా షంటు తీగలు కట్టి, ఆంపియర్ మీటర్లుగా మార్చేశారు. కొలవవలసింది ఒక్కటే అయినప్పుడు రెండు రకాల మీటర్లు దండగ అట. లోకచరిత్రలో కొలతలు మార్చిన రాజుల గురించి చదివాను. కొలిచే సాధనాన్నే చంపేసిన రాజు గురించి మాత్రం చదవలేదు. ఆ తరవాతే నన్ను ఫ్యానుకు కాపలా పెట్టారు.

ఇవాళ లస్మక్క కాయిల్ పొయ్యి తెచ్చి నా ముందు ధడేలుమని పెట్టింది.

"సారు, దీని తీగ సచ్చింది. బోర్డు స్టోర్ల అడిగితే బాగనే ఉన్నదంటరు. మీరన్న జెప్పుండ్రి."

తిరగేసి చూశాను. పింగాణీ అడుగున అచ్చు ఉంది: ఇరవై రెండు ఓములు, అంటే ఆ తీగ కరెంటును అడ్డుకునే కొలత. నిక్రోం తీగ. ఎర్రగా కాలినా దాని ఓముల్లో పెద్ద తేడా రాదు. దాన్నే చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఎవరైనా చూస్తే ముసలాడు పొయ్యికి దండం పెడుతున్నాడనుకునేవారు.

నా దగ్గర వోల్టుమీటరు లేదు. కానీ ఓములు తెలిసిన పొయ్యి ఉంది. ఆంపియర్ మీటర్లు ఊరినిండా ఉన్నాయి.

"లస్మక్కా, దీన్ని పెట్టు. దీని తీగలో మీటరు వేస్తాను."

ముల్లు మూడున్నరకు కాస్త ముందే ఆగింది. మూడు పాయింట్ నాలుగు.

"ఓములు ఇరవై రెండు. పారుతున్నది మూడు పాయింట్ నాలుగు. రెండూ హెచ్చవేస్తే ఇక్కడి వోల్టులు వస్తాయి."

ఆమె వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టింది. వంటచేసే మనిషి, పాళ్ళు వేయడం తెలుసు. "డెబ్బై అయిదుకు జర తక్కువ."

"బ్యాటరీ ఇంట్లో బయల్దేరేది నూట పది. అక్కడే ఈ పొయ్యి పెడితే అయిదు ఆంపియర్లు లాగేది. నూట పది అయిదులు అయిదు వందల యాభై వాట్లు. ఇక్కడ డెబ్బై అయిదుని మూడు పాయింట్ నాలుగుతో హెచ్చవెయ్యి. రెండు వందల యాభై అయిదు. సగం కూడా లేదు."

లస్మక్క పొయ్యికేసి చూసింది. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టినందుకేమో, ఒకసారి కొంగుతో తుడిచింది.

"అంటే ఇది మంచిదే. మనకొచ్చే కరెంటే నీరసంగ ఒస్తంది."

"బయల్దేరిన నూట పదిలో ముప్ఫై అయిదు వోల్టులు దారిలో పడిపోతున్నాయి. లైన్లో పారేది పది. ముప్ఫై అయిదుని పదితో భాగించు. మూడున్నర ఓములు. ఆ తీగకు అర ఓము కంటే ఎక్కువ ఉండకూడదు. ఎక్కడో మూడు ఓములు కూర్చుని మన అన్నం తింటున్నాయి."

"ఏడ కూసున్నదో సూపియ్యి సారు," అంది. "లేపుత."

3

రిబ్బను: కదలలేదు. ముల్లు: పది. బుచ్చవ్వ దగ్గు పెరిగింది.

బోర్డు దగ్గరకు పోయాను. మెట్లు ఎక్కడం నా మోకాళ్ళకు శిక్ష. రాజలింగు కుర్చీ వేయించాడు. మర్యాదకు లోటు చేయడు, అది ఒప్పుకోవాలి.

"అయితే సారు, లెక్క పొయ్యితోటి చేసిండ్రు."

"మీటర్లు నువ్వు చంపేశావు కాబట్టి."

"రేపు ఇంకొకాయన చీపురుతోటి చేసుకొస్తడు. సారు, మీ మీద నాకు గౌరవం ఉన్నది. గని వేడికి తలకాయ జర..." అని చేయి తిప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "లైను బాగనే ఉన్నది. పది పోతంది, పది చేరుతంది. నడుమ ఒక్క ఆంపియరన్న తగ్గిందా?"

"ఆంపియర్లు తగ్గవు. తగ్గేవి వోల్టులు. నీకు ఈ మాట పట్టకారుతో పాటే చెప్పాను."

"అప్పుడు జెప్పిండ్రు. ఇప్పుడు నేను జెప్తున్న. పీలిక లేవాలె, లేకుంటే లెవల్ మూయాలె. మీరు రాసిన కాయిదమే గద?"

వచ్చేశాను. వస్తూ సభ గోడ మీది "అందరికీ పది" కింద నిలబడి అక్షరాలు చూశాను. "అందరికీ"లో దీర్ఘం మా కాలం వాడెవడో అందంగా వేశాడు. అంతకుమించి మెచ్చుకోవడానికి అక్కడ ఏమీ కనబడలేదు.

4

రిబ్బను చూడలేదు. లైను వెంట నడిచాను.

ఆరో లెవల్ లైను ఊళ్ళో మొట్టమొదటి లైను. ఓదెలయ్య తన చేత్తో వేసింది. అప్పట్లో అడుగున నీళ్ళు తోడే పంపు ఒక్కటే ఉండేది, దాని కోసం పైనుంచి కింది దాకా ఒకే తీగ లాగాడు. తీగ చాలక రెండో లెవల్లో, ఇప్పుడు సభ ఉన్న చోట, ముడి వేశాడు. మిగిలిన అయిదు లైన్లకూ ఎక్కడా ముడి లేదు. అవి నేను వేయించినవి.

లస్మక్క పొయ్యి, గిన్నె, బియ్యం పట్టుకుని నా వెంట వచ్చింది. ఎవరడిగినా "ఓదెలయ్యకు నైవేద్యం, సారు మొక్కు" అంది. నాకు మొక్కా! నన్నెరిగిన వాళ్ళు నోరు తెరిచి చూశారు. దారిలో జంక్షన్ పెట్టె కనబడినచోటల్లా పొయ్యి కలపడం, మీటరు చూడడం. కింద మా వాళ్ళు దీపాలు తీస్తూ, వేస్తూ లైను ముల్లు పది దగ్గరే నిలబెట్టాలి. అది లస్మక్క వాళ్ళకు ముందే అప్పజెప్పింది.

సభకు ఇవతలి పెట్టె, అంటే కిందివైపు: మూడు పాయింట్ ఆరు ఆంపియర్లు. డెబ్బై తొమ్మిది వోల్టులు.

సభకు అవతలి పెట్టె, పైవైపు: అయిదుకు వెంట్రుకవాసి తక్కువ. నూట తొమ్మిది.

ఈ రెండు పెట్టెల మధ్య పాతిక అడుగులు లేవు. ముప్ఫై వోల్టులు ఆ పాతిక అడుగుల్లో పోతున్నాయి. అక్కడ ఉన్నది ఒక్కటే, ఓదెలయ్య గద్దె.

దాని సంగతి రాయాలి. ముడి వేసిన చోట చిన్న గుంట, దాని మీద నల్ల బండ. ఓదెలయ్య పోయాక జనం దానికి పసుపు రాసి గద్దె అన్నారు. తప్పులేదు. మన వాళ్ళు లారీకి బొట్టు పెడతారు, మోటారుకు దండ వేస్తారు, అన్నం పెట్టే వస్తువుకు దండం పెట్టడంలో నాకు పేచీ లేదు. కానీ రాజలింగు పెద్ద అయ్యాక ఏటా ఓదెలయ్య దినం నాడు ఆ బండ మీద కొబ్బరికాయలు కొట్టి నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. ఒక కాయ కాదు, లెవల్‌కు ఇన్నని. ఒకటో లెవల్ దీపాల తోటలో కొబ్బరి పండడమే గగనం, అందుకే అది గొప్ప. కొబ్బరినీళ్ళలో ఉప్పుంటుంది. బండకు అంచుల్లో సందులుంటాయి. కింద రాగి ఉంటుంది.

ఇంకొకటి. కొన్నేళ్ళుగా ఆ బండ వెచ్చగా ఉంటోంది. జనం వచ్చి అరచేతులు ఆనిస్తారు. కాన్పు అయిన వాళ్ళు పిల్లలను తెచ్చి పడుకోబెడతారు. "ఓదెలయ్య చెయ్యి" అంటారు. ఏటికేడూ వెచ్చదనం పెరుగుతోందని, అయ్య దయ పెరుగుతోందని పాట కూడా కట్టారు.

లస్మక్క బండ మీద చేయి పెట్టింది. దుర్గయ్య పోయినప్పుడు దీని మీదే తల ఆనించి ఏడ్చిందట. దారిలో చెప్పింది.

"ముప్ఫై వోల్టులు, పది ఆంపియర్లు," అన్నాను మెల్లగా. "హెచ్చవెయ్యి."

"మూడు వందల వాట్లు." చేయి తీయలేదు. "గంత మనదే?"

"అంతా మనదే. ఫ్యాను తిప్పాల్సింది ఇక్కడ బండను కాస్తోంది."

 "ఇన్నొద్దులు నేను మొక్కింది నా బువ్వకేనా సారు?" అంది.  నాకు తెలియని జవాబులు తక్కువ, అది ఒకటి.

5

బండ ఎత్తి చూడమని బోర్డును అడిగాను. గద్దె మీద చేయి వేస్తే చేయి ఉండదన్నారు. రాజలింగు అనలేదు, అనిపించాడు.

లస్మక్క గడ్డపార సిద్ధం చేసింది. ఎవరూ లేనప్పుడు పోయి ఎత్తేద్దామంటుంది. వద్దన్నాను. దొంగతనంగా ఎత్తితే మనం దొంగలమే అవుతాం, గద్దె పగలగొట్టినవాళ్ళం అవుతాం, పైషెడ్డు కూడా దక్కదు. దానికి మూడు ఓములున్నాయని నా మాట మీద ఎవరూ నమ్మరు. నమ్మించేది వాళ్ళ అరచేతులే.

"లైను తీస్తామన్నారు కదా," అన్నాను. "తీయనిద్దాం."

"తీస్తే అత్తకు ఊపిరెట్ల?"

"ఆమెను ముందే మోసుకుపోదాం. కింద ఒక్క ప్రాణం ఉండకూడదు. పూజకు ముందు లైను తీస్తాడు. పూజ పొడుగునా గద్దె మీద చేయి పెట్టి ఉంచడం బోర్డు పెద్ద చేసే పని. రాజలింగుదే ఆ చేయి. పది ఆంపియర్లు ఆగిపోతే ఆ బండ కింద మంట ఆగిపోయినట్టే. భజన సగంలో తెలుస్తుంది."

బుచ్చవ్వ మంచంలోంచి విన్నది. "ముసలోడా, నీ లెక్క తప్పితే?"

"తప్పదు."

"మా ఆయన గూడ గట్లనే అన్నడు, రూఫ్ కూలే ముందు." దగ్గి, మళ్ళీ అంది. "సరే. మోయుండ్రి. కానీ ఆ రాజలింగుగాడి మొకం కనవడెటట్టు కూసోవెట్టాలె నన్ను."

6

ఓదెలయ్య దినం.

ఆరో లెవల్ ఖాళీ చేసి, ఫ్యాను, దీపాలు వేసే ఉంచి, అందరం సభకు వచ్చాం. బుచ్చవ్వను మంచంతో సహా తెచ్చి గద్దెకు ఎదురుగా దించాం. నెమ్మదిగా ఊపిరి తీస్తోంది. ఆమె ఊపిరికి ఇప్పుడు ఆధారం నా అంకెలే. వాటిని రాసుకున్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

రాజలింగు మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయాడు. గొడవ చేస్తామనుకున్నట్టున్నాడు. నేనే అన్నాను: "తీసెయ్, రాజలింగూ. నియమం నియమమే."

లైను తీశారు. కొబ్బరికాయలు కొట్టారు. భజన ఎత్తుకున్నారు. రాజలింగు కుడి అరచేయి బండ మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వెనక వరుసగా జనం, ఒకరి తరవాత ఒకరు వచ్చి అంచుకు చేయి తాకించి పోతున్నారు.

నేను ఆయన కనుబొమలు చూస్తూ కూర్చున్నాను. మూడో పాట దాకా ఏమీ లేదు. నాలుగో పాటలో ఒకసారి కళ్ళు తెరిచి చేతికేసి చూశాడు. మళ్ళీ మూశాడు. చేయి పక్కకు జరిపాడు, బండ మధ్యకు. ఇంకా మధ్యకు. ఆ వెతుకులాట చూడడానికి నేను ఇన్నేళ్ళు బతికాను అని రాస్తే అతిశయోక్తి కాదు.

ఒకటో లెవల్ ఆడమనిషి ఒకామె, చంకలో పిల్లతో, బండ తాకి గభాలున చేయి తీసింది.

"ఓదెలయ్య చెయ్యి సల్లవడ్డది!"

భజన ఆగింది. అందరూ ఒక్కసారి మీద పడ్డారు. తాకినవాడల్లా అదే మాట. కొందరు ఏడ్చారు. ఆరో లెవల్‌ను వెళ్ళగొట్టినందుకు అయ్యకు కోపమొచ్చిందని ఎవరో అన్నారు. ఆ మాట చుట్టూ తిరిగి వచ్చేసరికి అది అందరి మాట అయింది. "కలుపుండ్రి! లైను కలుపుండ్రి!"

రాజలింగు కలిపించాడు. బండ మళ్ళీ వేడెక్కేదాకా జనం కదలలేదు. వేడెక్కింది. జేజేలు. ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

రాజలింగు తెలివైనవాడు. మొహం తుడుచుకుని చేయెత్తాడు. "అయ్య మనసు తెలిసింది. ఆరో లెవల్ మూసేది లేదు. మూయకపోగా, ఆళ్ళకు గాలి చాలుతలేదు గనక ఇయ్యాల్టి సంది పదమూడు ఆంపియర్లు! అందరి కంటే ఎక్కువ!"

జనం ఈలలు వేశారు. మా వాళ్ళు కూడా. లస్మక్క ఒక్కతే నావైపు తిరిగింది. కావాలనుకున్నది దొరికింది కదా, చాలదా అని అడుగుతున్న కళ్ళు. మంచంలో ముసలామె, చేతిలో గెలుపు. తల ఊపితే అయిపోయేది. ఇంటికి పోయేవాళ్ళం.

"వద్దు," అన్నాను. "మాకు పదే చాలు. ఆ బండ ఎత్తండి."

 రాజలింగు దగ్గరకు వచ్చాడు, గొంతు తగ్గించాడు. "సారు, గెలిసిండ్రు గద. ఇంకేం గావాలె?"

"నీకు నేర్పిన లెక్క మళ్ళీ చేయించడం కావాలి. గట్టిగా, అందరికీ వినబడేలా. తీగ వేడిగా తినేసే శక్తి ఎట్లా కడతాం?"

రాజలింగు కండువా సర్దుకున్నాడు.

"ఆంపియర్లను ఆంపియర్లతోనే హెచ్చవేసి, దాన్ని ఓములతో హెచ్చవేస్తాం. నీ పదమూడు తీసుకో. పదమూడు పదమూళ్ళు?"

పెదవులు కదిలాయి. లైన్‌మన్ రోజుల్లో లెక్క అడిగితే అట్లాగే కదిలేవి. "నూట అరవై తొమ్మిది."

"ఈ బండ కింద మూడు ఓములున్నాయి. దాంతో హెచ్చవెయ్యి."

"అయిదు వందల ఏడు."

"పదికి మూడు వందలు. పదమూడుకు అయిదు వందల ఏడు. నువ్వు ఎక్కువిచ్చే మూడు ఆంపియర్లలో మా ఫ్యానుకు దక్కేది తొంభై వాట్లు కూడా లేదు. గద్దెకు దక్కేది రెండు వందలకు పైన. అయ్య దయ ఇంకా పెరిగిందని నువ్వు పాట కట్టిస్తావు. ఏ పూజకో ఏ పిల్లనో దీని మీద పడుకోబెట్టినప్పుడు కింద తీగకు చుట్టిన పాత జనపనార అంటుకుంటుంది. సభకు దారి ఒక్కటే ఉంది, రాజలింగూ."

అప్పుడే నాకూ, ఆయనకూ ఒకేసారి వాసన తగిలింది. మాడిన పసుపు. ఇన్నేళ్ళూ దాన్ని ధూపం అనుకున్నాం అందరం. రాజలింగు వంగి బండ అంచు దగ్గర ముక్కు పెట్టాడు. లేచాడు. లైన్‌మన్ ముక్కు అది, నేను అలవాటు చేసిన ముక్కు. ఆ చంకలో పిల్లతో ఉన్న ఆడమనిషి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏందిరా," అంది బుచ్చవ్వ మంచంలోంచి, మాట మాటకూ ఊపిరి పట్టుకుని, "సదువుకున్నోళ్ళిద్దరు... లెక్కలు జేస్కుంట కూసునుడేనా? ఎత్తుండ్రి బండ."

రాజలింగు జనం వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. "లైను తీయిండ్రి," అన్నాడు.

లస్మక్క గడ్డపార తెచ్చింది. ఒక్కతే ఎత్తలేకపోయింది. రెండో కొసకు ఎవరు వస్తారా అని సభ అంతా ఎదురుచూసింది. రాజలింగు కండువా తీసి నడుముకు చుట్టుకుని పట్టాడు.

కింద ఆకుపచ్చటి చిలుము, పిండి చల్లినట్టు. గట్టిపడిన పసుపు కుంకుమ అట్టలు. ఉప్పు మెరుపులు. జనపనార నల్లగా బొగ్గై ఉంది. లస్మక్క దీపం దించింది. తీగలో పందొమ్మిది పోగులు ఉండాలి. పట్టుకుని ఉన్నవి నాలుగు.

 ఒక ముసలాయన అన్నాడు, "మనం పోసిన నీళ్ళే."

ఆ కుళ్ళంతా గీకితే లోపల ఓదెలయ్య వేసిన ముడి కనబడింది. మంచి ముడి. పోగుకు పోగు సర్ది, కొసలు లోపలికి మడిచి వేసింది. నేను వేసినా అంతకంటే బాగా వేయలేను, ఇది నేను ఎవరి గురించీ తేలిగ్గా రాసే మాట కాదు. దాన్ని కోసి పక్కన పెట్టాను. పాడైన మేర తీసేసి, కొత్త రాగి కలిపి, నా చేత్తో ముడి వేశాను. టంకం రాజలింగు పెట్టాడు. చేయి తిరిగినవాడు, ఇంకా మరిచిపోలేదు. మధ్యలో ఒకసారి "ఇంకొంచెం వేడి" అన్నాను, "తెలుసు సారు" అన్నాడు. ఆ రోజంతటికీ మేం మాట్లాడుకున్న మంచి మాటలు అవే.

7

రిబ్బను: లేచి గోడకు అడ్డంగా ఉంది. ముల్లు: పది.

లస్మక్క పొయ్యి నాలుగు పాయింట్ ఎనిమిది లాగింది. నూట అయిదు వోల్టులు. మొదటిరోజు అన్నం అడుగంటింది. పాత అలవాటు కొద్దీ ఎసరు పెట్టి మడి దగ్గరకు పోయింది పాపం. మాడు అన్నం అందరం తిన్నాం, ఒక్కరూ వంక పెట్టలేదు. బుచ్చవ్వ మాత్రం గాలికి చలేస్తోందని దుప్పటి అడిగింది.

గద్దె బండ చల్లగా ఉంది. జనం ఇంకా పోయి చేతులు ఆనిస్తున్నారు, తెల్లబోయి తీస్తున్నారు. పిల్లలను ఎక్కడ పడుకోబెట్టాలని ఒకటో లెవల్ ఆడమనిషి లస్మక్కను అడిగిందట. "మా ఫ్యాను ముంగట పెట్టు, మూడు వందల వాట్లు గీడికే ఒచ్చినయ్" అని చెప్పిందట. ఇవాళ పొద్దున ఆమె నిజంగానే వచ్చింది. పిల్ల ఎగిరే పీలిక చూసి కేరింతలు కొట్టింది. తరవాత ఇంకొందరు వచ్చారు. ఓదెలయ్య పాతముడిని ఎవరో తెచ్చి ఫ్యాను కింద గూట్లో పెట్టారు. పసుపు రాశారు. నీళ్ళు పోయలేదు. ఊరుకున్నాను.

అందరూ పోయాక రాజలింగు వచ్చాడు. ఒక్కడే. సభ గోడ మీది రెండు మాటలూ తుడిపించేశానన్నాడు. వోల్టుమీటర్లు మళ్ళీ కట్టిస్తానన్నాడు. నేను కూర్చోమనలేదు. పొమ్మనలేదు. ఆయన ఫ్యాను ముందు నిలబడ్డాడు. గాలికి కండువా భుజం మీంచి లేచి మొహాన పడింది. తీసుకున్నాడు. మళ్ళీ పడింది.

"ఎంతొస్తంది సారు ఇప్పుడు?" అని అడిగాడు.

"నూట అయిదు వోల్టులు, పది ఆంపియర్లు," అన్నాను. "హెచ్చవేసుకో."